రంగు పోని గది

మా ఆయన మనుషుల్ని చూసే ముందు వాళ్ళ కిటికీలను చూస్తారు. మొట్టమొదటిసారి మా పుట్టింటికి వచ్చినప్పుడు నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి, ఈయన నాకు వీపు చూపించి కిటికీ అద్దాన్ని వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి వింటున్నారు. తర్వాత మా నాన్న వైపు తిరిగి, "పాతదే కానీ గట్టిదండీ" అన్నారు. అది నా గురించి కాదని తేల్చుకోవడానికి మా ఇంట్లో ఒక పూట పట్టింది.

అద్దాల మేస్త్రి అంటారు ఈయన్ని. బజారు వీధి మలుపులో షాపు. ముందు గదిలో అద్దాలు, వెనక షెడ్డులో ఇంకా పెద్ద అద్దాలు, మధ్యలో ఈయన. పని పూర్తయ్యాక అద్దం అంచున రాసే జిగురు ఆరకముందే కింది కుడి మూల బొటనవేలు ఒక్కసారి అదిమి వదులుతారు. అది ఈయన సంతకం. ఊళ్ళో సగం కిటికీల మూలల్లో మా ఆయన వేలిముద్ర ఉంది. దొంగతనం ఏదైనా జరిగితే ముందు ఈయన్నే పట్టుకుపోతారని నేను ఎప్పటినుంచో చెప్తున్నాను.

షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఈయన ఒకే పాఠం చెప్తారు. ఒక ఖరీదైన అద్దం ఉంది, దాన్ని చేత్తో నిమురుతూ మొదలుపెడతారు. "ఇది మామూలు అద్దం కాదమ్మా. రెండు పలకల మధ్య కంటికి కనపడని పొర ఉంటుంది. ఎండలో ఉన్న వెలుతురంతా లోపలికొస్తుంది. ఎండలో ఉన్న దుర్మార్గమంతా బయటే ఆగిపోతుంది. మీ సోఫా రంగు మీ మనవళ్ళు పెద్దవాళ్ళయినా పోదు." ఈ పాఠం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. చిన్నప్పుడు బడిలో ఏదైనా పద్యం చెప్పమంటే మా అబ్బాయి లేచి నిలబడి ఇదే అప్పజెప్పాడు. టీచరమ్మ తిట్టకపోగా తర్వాతి నెలలో షాపుకి వచ్చి రెండు కిటికీలకు కొలతలిచ్చి వెళ్ళింది.

నేనూ చదువుకున్నదాన్నే. డిగ్రీలో రసాయన శాస్త్రం ఒక సబ్జెక్టు. ఇన్నేళ్ళుగా దాన్ని మరకలు వదిలించడానికి వాడుకుంటూ వచ్చాను.

ఇక మా కోడలు. సినిమాలకు గొంతులు అతికించే స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. అక్కడ మాట్లాడేవాళ్ళ గదికీ, రికార్డు చేసేవాళ్ళ గదికీ మధ్య ఒక మందపాటి అద్దం ఉంటుంది. అది బిగించడానికి మా ఆయన వెళ్ళారు. బిగించి, వేలిముద్ర వేసి, మురిసిపోతూ నిలబడ్డారు. ఒక సన్నపాటి అమ్మాయి వచ్చి అందర్నీ ఊరుకోమని సైగ చేసి, ఒక్కసారి చప్పట్లు కొట్టి, కళ్ళు మూసుకుని విందట.

"కింద ఎడమ మూల గాలి పోతోందండీ" అందట.

పోయింది. వెంట్రుకవాసి సందు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఈయన ముద్ద చేతిలో పట్టుకుని, "ఇవాళ అద్దాన్ని చెవితో చూసే పిల్లని చూశానే" అన్నారు. ఆ గొంతులో ఉన్న గౌరవం నా వంటకు ఎన్నడూ దక్కలేదు. ఆ తర్వాత రబ్బరు పట్టీ మార్చాలన్న మిషతో మా అబ్బాయి ఆ స్టూడియోకి ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. అన్ని పట్టీలు మార్చుకున్న అద్దం ప్రపంచంలో ఇంకోటి ఉండదు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల మా ఇంటికి కోడలై వచ్చింది. ఈయన ఆమెను 'సౌండమ్మా' అని పిలుస్తారు.

స్టూడియోలో కిటికీలుండవు. గోడలకు స్పాంజి, తలుపుకు స్పాంజి, నేలకు తివాచీ. పొద్దున లోపలికి వెళ్తే దీపాలు పెట్టే వేళకు బయటపడుతుంది. ఎండ అన్నది ఆమెకు సెలవు రోజుల్లో మాత్రమే జరిగే సంగతి.

మొదటిసారి కడుపు పండినప్పుడు ఆరో నెలలో బీపీ పెరిగింది. కాళ్ళు వాచాయి, తల పగిలిపోతోందంది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైంది. బిడ్డ గుండె చప్పుడు వినే యంత్రాన్ని డాక్టరమ్మ పొట్ట మీద అటూ ఇటూ జరుపుతుంటే మేమందరం డాక్టరమ్మ ముఖం చూస్తున్నాం. కోడలు మాత్రం ఎవరి ముఖమూ చూడలేదు. కళ్ళు మూసుకుని వింది. డాక్టరమ్మ నోరు తెరవకముందే, "ఆపెయ్యండి" అంది. అంత మంచి చెవి ఉన్నందుకు అది ఆమెకు పడిన శిక్ష. తర్వాత చాలా రోజులు ఇంట్లో హెడ్‌ఫోన్లు ముట్టుకోలేదు. మా ఆయన షాపులో పాఠం చెప్పడం మానేసి కొలతలు మాత్రం రాసుకున్నారు.

ఇది రెండోసారి. మూడో నెలలో రక్తపరీక్షల కాగితం పట్టుకుని డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"విటమిన్ డి తొమ్మిది ఉందమ్మా. కనీసం ఇరవై దాటాలి. ముప్పై ఉంటే నాకు నిద్ర పడుతుంది."

"పోయినసారి అలా అయ్యింది ఇందుకేనా?" అని అడిగింది కోడలు. గొంతు మామూలుగానే ఉంది. పక్కనే నిలబడ్డ మా అబ్బాయి చెయ్యి మాత్రం ఆమె పిడికిట్లో నలిగిపోతోంది.

"ఇందుకే అని నేను చెప్పను. బీపీ పెరిగిన వాళ్ళలో ఇది తక్కువగా ఉండటం చాలామంది చూశారు. సుగర్ వచ్చినవాళ్ళలో, బిడ్డ బరువు సరిపోనివాళ్ళలో కూడా. కానీ దీనివల్లే అవి వచ్చాయా, ఇది నింపితే అవి ఆగుతాయా అని పెద్ద పెద్దవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. వాళ్ళ వాదన తేలేదాకా నువ్వు ఆగనక్కర్లేదు. తక్కువుంటే నింపాలి, అంతే. బిడ్డ ఎముకలకు కావలసింది నీ ఒంట్లోంచే పోవాలి. పునాదిలో సిమెంటు తగ్గించేసి, గోడ ఎందుకు పగిలిందో తర్వాత చర్చించుకుందామంటే ఎలా?"

సిమెంటు, గోడ అన్న మాటలు చెవిన పడగానే మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"వారానికి ఒక విటమిన్ మాత్ర. బీపీ పెరగకుండా రోజూ ఒక చిన్న మాత్ర, అది వేరు. వీలైతే పొద్దెక్కాక కాసేపు ఎండలో కూర్చో, చేతులకీ కాళ్ళకీ తగిలేట్టు" అంది డాక్టరమ్మ.

మా ఆయన ఆఖరి వాక్యం ఒక్కటే విన్నారు.

"ఎండ కావాలా? ఎండకి నేను లేనూ!" అన్నారు ఆటోలో. సూర్యుడు ఈయన షాపులో కూలికి ఉన్నట్టు.

మేడ మీద గది కడతానన్నారు. మూడు గోడలూ, పైకప్పూ అద్దమే. మేడ మీద ఊరికే కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు కదా అన్నాను. నా అమాయకత్వానికి ఈయన జాలిపడ్డారు.

"గాలి కొడితే జలుబు చేస్తుందే. పక్కన ఇల్లు కడుతున్నారు, ఆ దుమ్మంతా ఎవరు పీలుస్తారు? వెలుతురు ఒక్కటే లోపలికి రావాలి. ఇంకేదీ రాకూడదు."

ఈలోగా మాత్రతో గొడవ వచ్చింది. వేసుకున్న రోజల్లా వాంతులు. అది మాత్ర తప్పో మూడో నెల తప్పో తెలియదు కానీ శిక్ష మాత్రకు పడింది.

"డాక్టరమ్మకి ఫోన్ చేసి అడుగుదాం" అన్నాను.

"దేనికే? సూర్యుడి దగ్గర అసలు సరుకు ఉండగా డబ్బాలో సరుకెందుకు? గది అయిపోవచ్చింది" అన్నారు ఈయన.

"నాన్న చెప్పింది నిజమేగా అమ్మా, రెండూ ఒకటేగా" అన్నాడు మా అబ్బాయి.

"ఆ వాసన తలుచుకుంటేనే తిప్పుతోంది అత్తయ్యా. బీపీ మాత్ర మానను. ఇది కొన్నాళ్ళు ఆపుతాను" అంది కోడలు.

ముగ్గురు ఒకవైపు, నా డిగ్రీ ఒకవైపు. డిగ్రీ ఓడిపోయింది.

గది లేచింది. నా మొగుడని చెప్పడం కాదు కానీ, అలాంటి గది నేను ఇంకెక్కడా చూడలేదు. షాపులోకెల్లా మేలైన సరుకు, పాఠం చెప్పే ఆ అద్దమే, పెద్ద షోరూం వాళ్ళు అడిగినా తర్వాత చూద్దామని దాచుకున్నదంతా పైకి ఎక్కించారు. ఒక్క అతుకు కనపడదు. మబ్బు పోతుంటే గది కూడా దానితోపాటు పోతోందేమో అనిపించేది. పక్కింటి మేడ కడుతున్న కూలీలు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరసగా నిలబడి చూసేవారు. ఈయన రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవారు. నన్ను తుడవనివ్వలేదు. నా గుడ్డల మీద ఈయనకు నమ్మకం లేదు.

నా వంతుగా ఎర్రటి బట్ట ఒకటి కొని రెండు దిండు గలీబులు కుట్టాను. ఒకటి గదిలో కోడలి కుర్చీకి. మిగిలిన బట్టతో రెండోది నా స్టూలుకి. నా స్టూలు గది బయట, బట్టలారేసే తీగ కింద ఉంటుంది. బట్టలు మడత పెడుతూ కోడలికి కాపలా కాయడం నా ఉద్యోగం.

పనివేళలు మార్పించుకుని కోడలు రోజూ పొద్దెక్కాక పైకి వచ్చి కూర్చునేది. చేతులు మోచేతుల పైదాకా మడిచి, కళ్ళు మూసుకునేది. అద్దం అవతలి నుంచి కూడా ఆమెకు అన్నీ వినిపించేవి. కాసేపటికి తలుపు సందులోంచి, "అత్తయ్యా, ట్యాంకు నిండింది, మోటారు ఆపండి" అనేది. ట్యాంకుకు ఎదురుగా నిలబడ్డ నాకు ఆ చప్పుడు వినపడేది కాదు.

కింద నుంచి ఈయన కేకేసేవారు. "సౌండమ్మా, ఎండ సరిపోతోందా? ఇంకో పలక జరపమంటావా?"

"సరిపోతోంది మామయ్యా! వేడిగా హాయిగా ఉంది!"

రెండు నెలలు గడిచాయి. ఆరో నెల వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు కానీ ఆరో నెల అడుగుపెట్టిన రోజు నుంచి అందరం మెల్లగా నడుస్తున్నాం.

మళ్ళీ అదే ఆస్పత్రి, అదే మంచం. డాక్టరమ్మ అదే యంత్రం తీసింది. మా అబ్బాయి గోడకు ఆనుకున్నాడు. మా ఆయన కిటికీ అద్దం వైపు తిరిగారు కానీ దాన్ని కొట్టలేదు. కోడలు కళ్ళు మూసుకుంది. కాసేపు గరగరమని శబ్దం. తర్వాత గుర్రం పరిగెత్తినట్టు వినిపించింది.

కోడలు ఇంకా వింటూనే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. పనిలో ఉన్నప్పుడు పెట్టే ముఖమే పెట్టింది.

"బాగుంది" అంది చివరికి. "నిమిషానికి నూట నలభై దాకా ఉంటుంది. ఎక్కడా తడబడట్లేదు. కానీ డాక్టర్‌గారూ, మీ వైరు వదులైంది. గర్రుమంటోంది."

డాక్టరమ్మ వైరు నొక్కి చూసింది. గరగర ఆగిపోయింది. "రెండు నెలల నుంచీ మిషన్ పాతబడిందనుకుంటున్నానే!" అంది. నేను అక్కడున్న నర్సుకు, కుర్చీకి, తలుపు దగ్గర వేచి ఉన్న ఎవరో పెద్దావిడకు కూడా వినబడేట్టు, "మా కోడలండీ" అని చెప్పాను. అడక్కపోయినా.

ఆ నవ్వు కాగితాలు చూసేదాకానే. బీపీ కిందటిసారికన్నా పెరిగింది. ఇంకా హద్దు దాటలేదు, కానీ చూపు పైకే ఉంది. విటమిన్ డి పది.

"పదా?" డాక్టరమ్మ కాగితం తిరగేసి చూసింది. "మాత్ర వేసుకుంటున్నావా?"

కోడలు మా అబ్బాయి వైపు చూసి, మళ్ళీ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మానేశానండీ" అంది కోడలు.

"మానేసింది ఆ అమ్మాయి కాదండీ, మాన్పించింది నేను" అన్నారు మా ఆయన.

"లేదండీ, నేనే."

"నువ్వూరుకో సౌండమ్మా. నేనేనండీ."

తప్పు మోయడానికి ఇద్దరు పోటీపడటం మా ఇంట్లో అదే మొదటిసారి. మామూలుగా అయితే అది తిరిగి తిరిగి నా దగ్గరికొస్తుంది.

డాక్టరమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది. ఆ తిట్లు నేను రాయను, కానీ అన్నీ న్యాయమైనవే. వాంతి వస్తే ఫోన్ చెయ్యాలి కదా, భోజనం తర్వాత వేసుకోమనేదాన్ని, చుక్కల మందు రాసిచ్చేదాన్ని అంది. చుక్కల మందు రాసింది. బీపీ రోజూ చూసి తనకు చెప్పాలంది. చివర్లో, కోడలు రోజూ ఎండలో కూర్చుంటోందని మా అబ్బాయి చెబితే, "రోజూ అంత ఎండలో కూర్చుంటే మాత్ర లేకపోయినా ఇంకాస్త పెరగాలే. అదేం ఎండమ్మా మీది!" అని, జవాబు వినే తీరిక లేక తర్వాతి వాళ్ళని పిలిచింది.

అదేం ఎండ. ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది.

ఈయన వస్తూనే మేడెక్కి అద్దాలు తుడవడం మొదలుపెట్టారు. దుమ్ము అడ్డుపడి ఉంటుందని అనుమానం. ఒక పలక తుడిచి చూస్తారు, మళ్ళీ అదే పలక తుడుస్తారు. ఆయన్ని అలా చూడలేక నేను చేతికి దొరికిన పని మొదలుపెట్టాను. గదిలో దిండు గలీబు తీశాను. నా స్టూలు మీది గలీబు కూడా తీశాను. ఉతుకుదామని రెండూ బకెట్లో వేయబోయి ఆగాను.

ఒకే బట్ట. ఒకే రోజు కుట్టాను. ఒకే మేడ మీద, రెండడుగుల దూరంలో ఉన్నాయి. నా స్టూలు గలీబు పైభాగం వెలిసిపోయి గులాబీ రంగుకు తిరిగింది. గదిలోది కొట్టు నుంచి తెచ్చినప్పటంత ఎర్రగా ఉంది.

బకెట్ పక్కనే కూర్చుండిపోయాను. నా డిగ్రీ చాలా ఏళ్ళ తర్వాత మరకలు వదిలిపెట్టి బయటికొచ్చింది. ఎండలో రంగును తినేసే కిరణాలుంటాయి. అతినీలలోహిత కిరణాలని పరీక్షలో రెండు మార్కులకు రాశాను. చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి తగలాల్సింది కూడా ఆ జాతి కిరణాలే. ఎండలో ఉన్న దుర్మార్గమంతా బయటే ఆగిపోతుంది. అద్దం మా ఆయన్ని మోసం చెయ్యలేదు. ఆయన ఏం చేస్తుందని చెప్పారో అక్షరాలా అదే చేసింది. మా కోడలిని సోఫాలాగా భద్రంగా కాపాడింది.

నలుగురికీ నోటికి వచ్చిన పాఠం, నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఎలా చెప్పాలి? ఆ గది ఈయన జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ గొప్పది. నేరుగా చెప్తే గొడవ పడతారు. గొడవ పడకపోతే ఇంకా కష్టం. సాయంత్రం టీ పైకి పట్టుకెళ్ళాను. గదిలో కోడలు, అబ్బాయి, ఈయన కూర్చున్నారు.

"ఏమండీ, షాపులో ఈ అద్దం గురించి చెప్తారే, ఒకసారి చెప్పండి" అన్నాను.

"ఇప్పుడా? ఎవరికి?"

"నాకే. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఒక్కసారైనా చెప్పారా? ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చెప్తారు."

కోడలు పెదవి చివర కదిలింది. ఈయన గొంతు సవరించుకున్నారు. వినేవాళ్ళుంటే ఈయన ఎంత బాధలో ఉన్నా ఆగలేరు. చెయ్యి దానంతటదే పోయి అద్దాన్ని నిమిరింది.

"ఇది మామూలు అద్దం కాదమ్మా. రెండు పలకల మధ్య కంటికి కనపడని పొర ఉంటుంది. ఎండలో ఉన్న వెలుతురంతా లోపలికొస్తుంది. ఎండలో ఉన్న దుర్మార్గమంతా బయటే..."

ఈయన ఒళ్ళో రెండు గలీబులూ పక్కపక్కన పరిచాను.

"ఇది బయటది. ఇది లోపలది. మీ కోడలికి కావలసింది ఆ దుర్మార్గమేనండీ."

ఈయన ఒకదాన్ని చూశారు, ఇంకోదాన్ని చూశారు. తల ఎత్తి అద్దాల పైకప్పును చూశారు. ముందు నవ్వింది కోడలు. ఆపుకోలేక, పొట్ట పట్టుకుని, "మామయ్యా, నా రంగు మాత్రం పోలేదు!" అంది. మా అబ్బాయి నవ్వాలో వద్దో తెలియక టీ మింగి పొలమారాడు. ఈయన నవ్వలేదు. టీ కప్పు కింద పెట్టి, గలీబులు రెండూ మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయారు. ఆ రాత్రి భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు.

తెల్లారేసరికి మేడ మీద అలికిడి. పరుగెత్తి వెళ్ళాను. ఈయన, అబ్బాయి, షాపులో పనివాళ్ళిద్దరు. అద్దం పట్టుకుని ఎత్తే రబ్బరు గిన్నెలు పైకప్పుకు అతికించి ఉన్నాయి. ఈయన నిచ్చెన మీద నిలబడి, సన్నటి కత్తితో, తాను రాసిన జిగురును తానే కోస్తున్నారు. వేలిముద్ర వేసిన మూల దగ్గర కత్తి ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని కూడా కోసేశారు.

"ఒక్క పక్క తలుపు తీసి కుర్చీ బయట వేస్తే పోయేదానికి..." అని మొదలుపెట్టాను.

"అడ్డం పెట్టింది నేను. తీసేది నేను" అన్నారు కిందికి చూడకుండా. "నువ్వు నిచ్చెన పట్టుకో."

పట్టుకున్నాను. మనిషి బరువున్న పలకలు. పొర ఉన్నది కాబట్టి ఇంకా బరువు. ఒక్కొక్కటీ లేచి, గాలిలో ఒరిగి, కిందికి దిగింది. ఒక్క పలక అంచు చిట్లలేదు. ఈయన పని చేయడం నేను చాలాసార్లు చూశాను. అంత బాగా చేయడం ఎప్పుడూ చూడలేదు.

పక్క మేడ కూలీలు పని ఆపేసి చూస్తున్నారు. వాళ్ళ మేస్త్రి చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "ఏమండోయ్, అంత మంచి గది ఎందుకు పీకేస్తున్నారు?"

ఈయన నిచ్చెన మీద నిటారుగా నిలబడ్డారు. "తప్పు అద్దం పెట్టాను!" అని వీధి మొత్తానికి వినబడేట్టు చెప్పారు. "మా కోడలికి ఎండ తగలకుండా చేశాను!"

నేను ఇంటికొచ్చినవాళ్ళకు మా ఆయన కట్టిన గదిని చూపించి మురిసిపోయినదాన్నే. కానీ నిచ్చెన పట్టుకుని తలెత్తి ఆయన్ని చూస్తూ మురిసిపోయినంతగా ఎప్పుడూ మురిసిపోలేదు. కళ్ళలో జిగురు ముక్కలు పడ్డాయని చెప్పి తుడుచుకున్నాను.

మధ్యాహ్నానికి కప్పు పోయింది, రెండు పక్కలు పోయాయి. గాలికి అడ్డుగా వెనక అద్దం గోడ ఒక్కటి మిగిలింది. కోడలు వచ్చి కుర్చీలో కూర్చుంది. దుమ్ము వచ్చింది, పక్కింటి సుత్తుల మోత వచ్చింది, ఒక కాకి వచ్చి టీ బిస్కట్టు ఎత్తుకుపోయింది. మామూలు కిటికీ అద్దమైనా ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన అద్దం అందులో ఇంకా ఘనమైనది, ఏమీ మిగల్చదు. డాక్టరమ్మ నవ్వాపుకుని ఇంకో మాట కూడా చెప్పింది. "ఎండలో కూర్చోనివ్వండి, మంచిదే. కానీ ఇంత తక్కువున్నప్పుడు నింపేది చుక్కల మందే. ఎండను నమ్ముకుని మందు మళ్ళీ మానారో, నేనే మీ ఇంటికొస్తా."

మానలేదు. భోజనం తర్వాత చుక్కలు, రోజూ బీపీ మాత్ర, పొద్దెక్కాక ఎండ. బీపీ చూసే యంత్రం మా ఇంట్లో గోడ గడియారంకన్నా ముఖ్యమైపోయింది. ఆరో నెల దాటింది. ఏడు దాటింది. ఎనిమిదో నెల పరీక్షలో విటమిన్ డి ముప్పై నాలుగు. మా ఆయన ఆ కాగితాన్ని షాపులో గోడకు అంటించబోతే కోడలు వచ్చి లాక్కుంది.

"మామయ్యా, అది నా రక్తం. అద్దం కొలత కాదు."

తొమ్మిదో నెల మొదట్లో బీపీ మళ్ళీ తలెత్తింది. ఈసారి ఎవరమూ ఆలస్యం చేయలేదు. ఆమే ముందు చెప్పింది, "చెవుల్లో నా గుండె చప్పుడు మారింది అత్తయ్యా, పదండి" అని. ఆస్పత్రిలో చేర్చుకున్నారు, మందులు పెంచారు, రోజూ చూశారు. నెలలు నిండాక, డాక్టరమ్మ ఇక చాలు అనుకున్న రోజున నొప్పులు తెప్పించారు.

మేం బయట బల్ల మీద కూర్చున్నాం. ఈయన లేచి, నడిచి, ప్రసవాల గది తలుపుకున్న గుండ్రటి అద్దాన్ని వేలితో కొట్టి, "ఎవడు బిగించాడో గానీ..." అని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు లోపల్నుంచి ఏడుపు వచ్చింది. ఆ అద్దం అదిరింది. నేను ఒట్టేసి చెప్పగలను, అదిరింది.

ఆడపిల్ల. మూడు కిలోలకు కాస్త తక్కువ. మమ్మల్ని లోపలికి పంపినప్పుడు కోడలు పాలిపోయి, చెమటతో, జుట్టు నుదుటికి అంటుకుని, బిడ్డను గుండెల మీద పెట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుని వింటోంది.

"ఎలా ఉంది సౌండమ్మా?" అన్నారు ఈయన.

"గొంతు చాలా బాగుంది మామయ్యా. లెవెలే కాస్త తగ్గించాలి."

మా ఆయన డాక్టరమ్మ వైపు తిరిగి చేతులు జోడించారు. "అద్దం తీశాకే అంతా చక్కబడిందండీ" అన్నారు.

"చుక్కల మందు, బీపీ మందు, వేళకు రావడం, ఈ పిల్ల ధైర్యం. వీటన్నిటి తర్వాత మీ అద్దానికి కూడా ఓ మార్కు వేస్తా" అంది డాక్టరమ్మ. "ఇదిగో, ఇది బిడ్డకి. తల్లిపాలు తాగే పిల్లలకి రోజూ ఒక్క చుక్క. ఇదీ విటమిన్ డీయే. మళ్ళీ గదులు కట్టకండి."

దించిన ఆ పలకలన్నీ ఇప్పుడు ఒక పెద్ద బట్టల కొట్టు ముందు నిలబడి ఎంతో హాయిగా రంగుల్ని కాపాడుతున్నాయి. షాపులో పాఠం మాత్రం మారింది. పాతదంతా అలాగే చెప్తారు, వెలుతురు, దుర్మార్గం, సోఫా, మనవళ్ళు. తర్వాత ఆగి అడుగుతారు. "మీ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారామ్మా? ఉంటే సోఫాని లోపల పెట్టండి, వాళ్ళని కాసేపు బయట కూర్చోబెట్టండి. డాక్టరు రాసిన మందు మాన్పించకండి. నేను మాన్పించాను, అందుకే చెప్తున్నా." ఇలా చెప్తే బేరాలు పోతాయని అబ్బాయి భయపడ్డాడు. ఏమీ పోలేదు. తన సరుకు ఏం చెయ్యలేదో కూడా చెప్పే మనిషని జనం ఇంకా ఎక్కువగా వస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు అక్కడి నుంచి నేరుగా ఆస్పత్రికి పరీక్షకు వెళ్ళారని డాక్టరమ్మే చెప్పింది.

బిడ్డకు చుక్క వేసే పని ఈయనది. ఎవర్నీ ముట్టుకోనివ్వరు. పొద్దున స్నానం చేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, జిగురు తుపాకీ పట్టుకున్నట్టు ఆ చిన్న గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంటారు. వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూస్తారు. గాజు గొట్టం కదా, అలవాటు పోక వేలి కణుపుతో ఒకసారి టక్కున కొట్టి వింటారు. పిల్ల నోరు తెరుచుకుని ఎదురుచూస్తుంది. ఇంత పెద్ద మనిషి ఊపిరి బిగబడతారు.

పక్క గదిలో కోడలు హెడ్‌ఫోన్లు మెళ్ళో వేసుకుని స్టూడియోకి బయల్దేరడానికి తయారవుతూ ఉంటుంది. మా వైపు చూడదు. తలుపు వారగా వేసే ఉంటుంది. జడ అల్లుకోవడం ఒక్క క్షణం ఆపి, చెవి ఇటు పెడుతుంది.

బిడ్డ చప్పరించిన చప్పుడు నాకు వినపడదు.

"పడింది మామయ్యా" అంటుంది.